ఉప్పు గిన్నె, మనస్సాక్షి



మధుమేహం అనగానే మనకు చక్కెర ఒక్కటే గుర్తుకొస్తుంది. చాయ్‌లో చక్కెర మానేసినవారే అన్నంలోకి తొక్కు రెండుసార్లు వడ్డించుకుంటారు. షుగర్ జబ్బుకూ ఉప్పుకూ ఏం సంబంధమని అడుగుతారు.

2023లో అమెరికాలోని టులేన్ విశ్వవిద్యాలయం వారు బ్రిటన్‌కు చెందిన 4 లక్షల మందికి పైగా పెద్దల వివరాలు పరిశీలించారు. వడ్డించిన తిండిపై ఎల్లప్పుడూ ఉప్పు చల్లుకునేవారికి, దాదాపుగా చల్లుకోనివారికంటే మధుమేహం ముప్పు 39 శాతం ఎక్కువగా కనిపించింది. బరువు, నడుము చుట్టూ కొవ్వు ఇందులో కొంత పాత్ర వహిస్తున్నాయని వారి అంచనా. అయితే రెండు సంగతులు జంటగా కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తర్కం ఒప్పుకోదు. ఉప్పులో కొవ్వూ లేదు, చక్కెరా లేదు. మరి అది చేసే పనేమిటి?

మన కంచంలోనే చూడండి. కుల్చారం, మెదక్ పల్లెల్లో ఒకప్పుడు జొన్నరొట్టె, గటక తినేవారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేదల ఇంట కూడా వరి అన్నం నిత్యమైంది. ఆకలి తీరింది, అది గొప్ప మేలు. కాని చప్పటి అన్నం ఎంతని తింటాం? తొక్కు తోడైతే మరో నాలుగు ముద్దలు తెలియకుండానే దిగుతాయి. ఒళ్లు వంచే పని తగ్గి ముద్దలు తగ్గకపోతే, మిగిలింది పొట్టలో చేరుతుంది. లోపలి అవయవాల చుట్టూ పేరుకున్న ఆ కొవ్వు ఇన్సులిన్ పనికి అడ్డు తగులుతుంది. మనవారిలో మగవారి నడుము 90, ఆడవారి నడుము 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలంటారు వైద్యులు.

తిండిపోతుతనమంటే ఎక్కువ తినడమొక్కటే కాదు, ఆత్రంగా తినడం, రుచుల కోసం అతిగా పట్టుబట్టడం కూడా అని పునీత తోమాసు అక్వినాసు వివరించారు. అవసరం లేనిది రాయనని నియమం పెట్టుకున్న వ్యాఖ్యాత మల్లినాథసూరిది మన కుల్చారమే అంటారు. ఆ నియమం కంచానికీ పనికొస్తుంది.

ఈ కొలబద్దతో రోగిని కొలవకండి. ఈ జబ్బులో వంశం పాత్ర ఉంది, తల్లి కడుపులో ఉన్నప్పటి పోషణ లోపం పాత్రా ఉంది. ‘తిన్నాడు, అనుభవిస్తున్నాడు’ అనడం అన్యాయం.

బాధ్యత వంటింట్లో ఉంది. మనిషికి రోజుకు 5 గ్రాములలోపు, అంటే చిన్న చెంచాడు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. తొక్కు, అప్పడం అన్నీ ఆ లెక్కలోవే. తల్లి వేసే ఉప్పే పిల్లల నాలుకకు అలవాటవుతుంది. అలాగని తప్పంతా ఆమెపై నెట్టవచ్చా? కూర చప్పగా ఉందని కంచం తోసేసే భర్త ఉన్న ఇంట్లో ఆమెకు స్వేచ్ఛ ఎక్కడిది? అక్కడ జవాబు చెప్పవలసింది అతడే.

తక్కువ ఉప్పుకు నాలుక కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది. ఆ కొన్ని వారాలు మగవారు సణగకుండా తింటారా అన్నదే నా సందేహం. తొక్కు జాడీని మాత్రం ముందే అటక ఎక్కించండి.