మూడు పనులు, రెండు పేర్లు

బ్రిటిష్ దర్శకుడు మైకేల్ పావెల్ సినిమాలు చూసేటప్పుడు నేను టైటిల్స్ దగ్గర తొందరపడను. 1942 నాటి ‘వన్ ఆఫ్ అవర్ ఎయిర్‌క్రాఫ్ట్ ఈజ్ మిస్సింగ్’తో ఆ పేర్లు వేసే తీరు మారింది. రచన, నిర్మాణం, దర్శకత్వం: మైకేల్ పావెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్. మూడు పనులకీ ఇద్దరూ. సెట్లో నటులను నడిపించింది పావెలే, కథలు పుట్టింది ఎక్కువగా ప్రెస్‌బర్గర్ దగ్గరే. బాపు రమణలను ఒకే ఊపిరిలో తలుచుకునే మనకు జంటలు కొత్త కాదు. అయితే అక్కడ రచన రమణది, దర్శకత్వం బాపుది అని తెర మీద విడిగా ఉండేది. వీళ్లు ఆ గీత కూడా గీసుకోలేదు.

పావెల్ ఇంగ్లండ్‌లోని కెంట్‌లో రైతు ఇంట పుట్టాడు. ప్రెస్‌బర్గర్ హంగరీ యూదుడు. జర్మనీలో సినిమాలకు రాస్తూ, హిట్లర్ వచ్చాక అక్కడ నిలవలేక, పారిస్ మీదుగా 1935లో లండన్ చేరాడు. ఇంగ్లీషు ఆ తర్వాత పట్టుబడ్డ భాష. కొన్నేళ్లకు ఒక సినిమా పని ఇద్దరినీ కలిపింది.

1943లో, యుద్ధం నడుస్తుండగా, ‘ది లైఫ్ అండ్ డెత్ ఆఫ్ కల్నల్ బ్లింప్’ తీశారు. ఆ సినిమా ప్రధాని చర్చిల్‌కు నచ్చలేదు, ఆపాలని చూశాడు. అందులో ఒక మంచి జర్మన్ ఉంటాడు, పేరు థియో. ముసలితనంలో ఇంగ్లండ్‌లో ఆశ్రయం కోరుతూ ఒక అధికారి ఎదుట కూర్చుని తన బతుకు చెప్పుకుంటాడు: భార్య పోయింది, కొడుకులు నాజీల్లో కలిశారు. మాటలు దేశం పోగొట్టుకున్న ప్రెస్‌బర్గర్‌వి. పలికిన ఆంటన్ వాల్‌బ్రూక్ కూడా స్వదేశం విడిచి వచ్చినవాడే. పావెల్ అక్కడ కెమెరా పనితనం చూపించబోలేదు. మెల్లగా ఆ ముఖం దగ్గరకు వెళ్లి, అతను చెప్పేదంతా విన్నాడు. ఈ సన్నివేశంలో ఎవరి భాగం ఎంతని తేలుస్తాం? ఆ మాటలు లేకపోతే ఆ ఓపికకు పనిలేదు, ఆ ఓపిక లేకపోతే మాటలు ఉపన్యాసమయ్యేవి.

ఇంట్లో పెళ్లి జరిగినా, ఆఫీసులో పెద్ద పని ముగిసినా, నాలుగు రోజులు తిరక్కముందే ఎవరి చెయ్యి ఎంతన్న లెక్క మొదలవుతుంది. ఆ లెక్క తప్పని అనను. ‘మనమంతా చేశాం’ అన్న మాట కింద చిన్నవాళ్ల కష్టం మాయమైపోవడం చూస్తూనే ఉన్నాం. అందుకే ఇక్కడ ఎవరు ఎవరిని పక్కన నిలుపుకున్నారో చూడాలి. దేశం తనది, భాష తనది, దర్శకుడి కుర్చీ తనది. అయినా పావెల్ వలస వచ్చిన రచయిత పేరును తన పేరుకు సమానంగా ఉంచాడు. ప్రెస్‌బర్గర్ కూడా తన కథల మీద ఒంటి హక్కు అడగలేదు. పావెల్ మెత్తని మనిషేం కాదు, సెట్లో కఠినుడన్న పేరుంది. ఉదారంగా ఉండటానికి సాధువు కానక్కర్లేదని తెలిసి నాకు ధైర్యం కలిగింది.

1957 తర్వాత ఇద్దరూ వైరం లేకుండానే విడిపోయారు. 1960లో పావెల్ విడిగా తీసిన ‘పీపింగ్ టామ్’ను విమర్శకులు ఎంత అసహ్యించుకున్నారంటే, బ్రిటన్‌లో ఆయనకు పని దాదాపు దొరకలేదు. 1972లో పాత మిత్రులిద్దరూ మళ్లీ కలిసి పిల్లల కోసం గంట కూడా లేని సినిమా చేశారు, పెంపుడు ఎలుకను పోగొట్టుకున్న కుర్రాడి కథ. ‘ది రెడ్ షూస్’ లాంటి పెద్ద సినిమా తీసినవాళ్లు ఇంతకు దిగారా అని జాలిపడేవాళ్లున్నారు. నాకు జాలి కలగదు. ఒకరికి అరవై దాటింది, ఇంకొకరికి డెబ్బై దగ్గరపడింది; చేయడానికి పని ఉంది, పక్కన నమ్మిన మనిషి ఉన్నాడు.

తర్వాత దర్శకుడు మార్టిన్ స్కోర్సేసీ లాంటివాళ్లు ఈ జంట సినిమాలను మళ్లీ వెలుగులోకి తెచ్చారు. 1981లో బ్రిటిష్ అకాడమీ తన ఫెలోషిప్‌ను ఇద్దరికీ ఇచ్చింది. ఇప్పటికీ కొందరు వాటిని పావెల్ సినిమాలనే రాస్తుంటారు. ఆ ఇద్దరూ కావాలనే కలిపి వేసుకున్న పేర్లను విడదీసే హక్కు మనకు లేదని నా గట్టి నమ్మకం.