కిలోవోల్టు తీగలో ఉంటుందా?

కిలోవోల్టు (కేవీ) అంటే 1000 వోల్టులు. ఒక కూలుంబు విద్యుదావేశాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చడానికి ఒక జౌలు పని పడితే, ఆ రెండు చోట్లకూ మధ్య ఉన్న తేడా ఒక వోల్టు. రెండు చోట్లు చెప్పకుండా వోల్టేజీ చెప్పడం కుదరదు. అలాంటప్పుడు ‘ఈ తీగలో 11 కేవీ ఉంది’ అంటే ఆ ఉన్నది ఏమిటి? ఎక్కడ ఉంది?

ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రంలో 210 మెగావాట్ల యూనిట్ల జనరేటర్లు 15.75 కిలోవోల్టుల దగ్గర కరెంటు పుట్టిస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్లు దాన్ని 220 కిలోవోల్టులకు పెంచి లైన్లకు ఎక్కిస్తాయి. వోల్టేజీ పదింతలు చేస్తే పదో వంతు ప్రవాహంతోనే అంత విద్యుత్తూ చేరుతుంది, తీగ వేడెక్కి పోయే నష్టం నూరో వంతుకు దిగుతుంది. ఊళ్లు దగ్గరయ్యేకొద్దీ 132, 33, 11 అంటూ మెట్లు దిగి, ఇంట్లోకి 230 వోల్టులుగా వస్తుంది.

దివిసీమ వరిచేల మీదుగా పోయే 11 కేవీ తీగ మీద పిట్ట వాలితే దానికేమీ కాదు. రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉన్నాయి, వాటి మధ్య తేడా లేనట్టే. తడి గట్టు మీద నిలబడ్డ మనిషి చేతిలోని ఇనుప గొట్టం అదే తీగకు తగిలితే ప్రాణం పోతుంది. పైగా ఆ 11 అన్నది రెండు ఫేజు తీగల మధ్య లెక్క. తీగకూ నేలకూ మధ్య ఉన్నది సుమారు 6.35 కిలోవోల్టులే. దేనితో పోల్చామన్నదాన్ని బట్టి ఒకే తీగకు మూడు విలువలు.

‘ఆ ఉన్నది ఏమిటి, ఎక్కడ’ అన్న ప్రశ్నకు భారతీయ దర్శనాల్లో దగ్గరగా వచ్చే చర్చ శక్తివాదం. అరచేతిలో నిప్పు పెడితే కాలుతుంది, దగ్గర ఒక మణి ఉంటే కాలదు అన్నది అందులోని ఉదాహరణ. నిప్పు రూపం మారలేదు కాబట్టి మణి అణచింది కంటికి కనబడని దాహశక్తిని, ఆ శక్తి వేరే పదార్థం అంటారు మీమాంసకులు. అడ్డు లేకపోవడం కూడా కారణ సామగ్రిలో భాగమే, శక్తి అనే మరో పదార్థం అక్కర్లేదంటారు నైయాయికులు. ‘న్యాయకుసుమాంజలి’లో ఉదయనుడిదీ, ‘తర్కసంగ్రహ దీపిక’లో ఆంధ్రుడైన అన్నంభట్టుదీ ఈ పక్షమే.

కరెంటు స్తంభం మీద ఆ మణి స్థానం పింగాణీ ఇన్సులేటర్‌ది. మోటార్లన్నీ ఆపేసిన రాత్రి లైన్‌లో దాదాపు ప్రవాహమే ఉండదు, అయినా సబ్‌స్టేషన్ మీటరు 11 కేవీ చూపిస్తూనే ఉంటుంది. కార్యం పుట్టకముందే ఏదో ఉందనడంలో మీమాంసకులదే పైచేయి. కాని దాన్ని నిప్పులో ఉన్నట్టు ఒక్క ద్రవ్యంలో పెట్టడం ఇక్కడ చెల్లదు. రెండేసి ద్రవ్యాలను ఆశ్రయించే గుణాలను న్యాయవైశేషికులు ముందే గుర్తించారు. ద్విత్వం, అంటే రెండు అనే సంఖ్య, అలాంటిదే. అయితే అది లెక్కించేవాడి అపేక్షాబుద్ధి వల్ల పుడుతుందని వాళ్ల మతం. వోల్టేజీకి ఎవరి బుద్ధితోనూ పని లేదు, ఎరగనివాడినీ చంపుతుంది. ఈ లెక్కన అది సంయోగానికి, అంటే రెండు ద్రవ్యాలు తాకి ఉండటానికి, దగ్గర, కాకపోతే తీగా నేలా తాకకుండానే నిలుస్తుంది. ఫారడే, మాక్స్‌వెల్ తర్వాతి భౌతికశాస్త్రం ఆ నిలకడను రెండింటి నడుమ ఖాళీలో పరుచుకున్న విద్యుత్ క్షేత్రానికి అప్పగించింది. ప్రశ్నకు ఇంతవరకు దొరికిన మంచి జవాబు ఇదే.

లైన్ మీద పనిచేసేవాళ్ల పద్ధతి ఈ జవాబుకు తగ్గట్టే ఉంటుంది. ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని స్విచ్ తెరిచాక కూడా వెంటనే తీగ పట్టుకోకూడదు. ఎవరిదో జనరేటర్ నుంచి కరెంటు వెనక్కి రావచ్చు, పక్కనే పోయే మరో లైన్ ప్రేరణతో ఆవేశం చేరవచ్చు. అందుకే పనిచేసే చోటికి రెండు వైపులా ఎర్త్ రాడ్లు తగిలించి, మూడు తీగలనూ కలిపి భూమికి కడతారు. తీగకూ నేలకూ ప్రమాదకరమైన తేడా నిలవకుండా చేశాకే చేతులు పైకి వెళతాయి.