ఆయుధమూ, అందమూ

మనిషిని చంపడానికి చేసిన వస్తువును అందంగా వుందని మెచ్చుకోవచ్చునా? మెచ్చుకోవడంతో ఆగక, వెల పెట్టి కొని, నూనె రాసి, మఖమలు గుడ్డలో చుట్టి, తరతరాల సొత్తుగా దాచుకోవచ్చునా? ఈ ప్రశ్న కొందరు సంపన్నుల సరదాకు సంబంధించినదిగా పైకి కనిపిస్తుంది. నిజానికి ఇది మనం సాహిత్యంలో దశాబ్దాలుగా వాదించుకుంటున్న వస్తు శిల్పాల సమస్యే. కవిత్వంలో ఈ సమస్యను మాటల మాటున దాటవేయవచ్చు. ఇనుములో దాటవేయడం కష్టం. అందుకే దీన్ని ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

నా దగ్గర చదువుకున్న యువకుడొకడు ఇప్పుడు టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పాతకాలంలో కోరి చేయించుకున్న రివాల్వర్లు సేకరించే అభిరుచి అతనికి అబ్బింది. నగిషీ చెక్కిన గొట్టాలూ, దంతపు పిడులూ ఫొటోలు తీసి పంపుతూ ఒక ప్రశ్న వేశాడు: “మాస్టారూ, ప్రబంధాల్లో యుద్ధవర్ణన వస్తే ఇది శిల్పం, ఆస్వాదించండి అని పాఠం చెప్పారు గదా! ఇనుము మీద చెక్కితే మాత్రం శిల్పం కాకుండా పోతుందా?” ఈ ప్రశ్నను నవ్వి తోసిపుచ్చడానికి వీల్లేదు. జవాబు చెప్పవలసిందే.

ముందు వస్తువును చూద్దాం. శామ్యూల్ కోల్ట్ తన రివాల్వరుకు అమెరికాలో పేటెంటు పొందింది 1836లో. అతని మొదటి కంపెనీ నిలవలేదు. మెక్సికోతో యుద్ధం వచ్చి, ప్రభుత్వం వెయ్యి రివాల్వర్లు కావాలన్న తర్వాతనే, 1847లో, అతని దశ తిరిగింది. ‘వాకర్’ అని పేరుపడిన ఆ రివాల్వరులో తూటాలు కూరే సిలిండరు చుట్టూ ఒక బొమ్మ వుంటుంది. గుర్రాలెక్కిన టెక్సాస్ రేంజర్లు కమాంచీ ఆదివాసులను తరిమి కాలుస్తున్న దృశ్యమది. 1844లో జరిగిన ఒక పోరాటాన్ని తలపించేది. దాన్ని చెక్కిన ఆర్మ్స్‌బీ, కరెన్సీ నోట్ల పలకలు చెక్కడంలో పేరుపొందిన న్యూయార్క్ నగిషీకారుడు. అతను ఉక్కు అచ్చు మీద ఒకసారి చెక్కినదాన్ని యంత్రం ఒత్తి దొర్లించి సిలిండరు తర్వాత సిలిండరు మీదికి దింపింది. అంటే ఆ తుపాకి ఎవరి మీద ప్రయోగించడానికో తుపాకి మీదనే బొమ్మగట్టి చెప్పారన్నమాట. ఆ బొమ్మను చూసి, “గీత ఎంత సన్నగా వుంది!” అని మాత్రమే అనగలిగినవాడికి కళ్లున్నాయి గాని చూపు లేదు.

ఇంకొకటి. క్రిమియా యుద్ధం రోజుల్లో (1853–56) కోల్ట్ బంగారం పొదిగిన రివాల్వర్లను తురుష్క సుల్తానుకు కానుక ఇచ్చాడు. అతని శత్రువైన రష్యా జారుకూ ఇచ్చాడు. సుల్తానుకిచ్చినదానికి జోడు ఈనాడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో వుంది. నిజంగా అద్భుతమైన పనితనం. కాని ఆ అందం చేసిన పని ఏమిటి? రెండు పక్షాల ప్రభువులనూ కొనుగోలుదారులుగా మార్చే దళారీ పని. ప్రభువు చేతిలో ఒక బంగారు రివాల్వరు పడితే, సిపాయిల కోసం వేల సాదా రివాల్వర్లకు ఆర్డరు వస్తుందని వ్యాపారి లెక్క. అలంకారం ఇక్కడ వస్తువుకు అంటించిన పూత కాదు, వ్యాపారంలో ఒక భాగం.

ఈ చరిత్ర చూపించి, “కనుక ఇందులో అందమే లేదు, వున్నదనేవాడు దుర్మార్గుడు” అని తీర్పు చెప్పడం సులువు. మనలో కొందరు మిత్రులు అలాగే చెబుతారు. నాకది సమ్మతం కాదు. నెత్తురంటిన ప్రతి వస్తువులోనూ అందాన్ని కాదనవలసి వస్తే, మనకు దేవాలయాలు మిగలవు, కోటలు మిగలవు, రాజాస్థానాల్లో పుట్టిన కావ్యాల్లో సగం మిగలవు. పైగా ఈ తీర్పులో ఒక అన్యాయం వుంది. ఆ బంగారు తీగెను ఉక్కులోకి దిగగొట్టిన చెయ్యి కోల్ట్‌ది కాదు. ఆ కంపెనీకి నగిషీ పని చేసినవాళ్లలో ప్రసిద్ధుడు గుస్టవ్ యంగ్, జర్మన్ నేల నుంచి వలస వచ్చిన పనివాడు. అతని దగ్గర పనిచేసిన మరెందరి పేర్లో సామాన్య చరిత్రకెక్కలేదు. అందాన్ని కాదంటే యజమానికి పోయేదేమీ లేదు, అతను డబ్బు చేసుకొనే పోయాడు. పోయేది పనివాడి గౌరవమే.

దీనికి ఎదురుగా రెండో వాదం వుంది. సౌందర్యానుభవానికి ప్రయోజనంతో నిమిత్తం లేదని 1790లో కాంట్ సిద్ధాంతీకరించాడు. సేకర్తలు కాంట్‌ను చదివినా చదవకపోయినా ఆ మాటే చెబుతారు: “మేము కాల్చడం లేదు, చూస్తున్నాం.” ఈ వాదానికి ప్లెహనోవ్ చాలాకాలం క్రిందటే సమాధానమిచ్చాడు. ఆదిమ మానవుడు వేటలో చంపిన మృగం పళ్లనూ గోళ్లనూ ధరించింది మొదట తన బలానికి గుర్తుగా. అవి అందంగా కనిపించడం తర్వాతి సంగతి. ఉపయోగ దృష్టి ముందు, సౌందర్య దృష్టి వెనుక. వెనుక వచ్చినది ముందు దాన్ని మరచిపోవచ్చు గాని, అది లేకుండా పుట్టలేదు. రివాల్వరు పిడి వంపు మనకెందుకు అందంగా తోస్తుంది? అరచేతి వంపుకు అది సరిపోతుంది గనుక. అరచేతికి ఎందుకు సరిపోవాలి? గురి తప్పకూడదు గనుక. ఆ అందం ప్రతి అంగుళంలోనూ ప్రయోజనంలోంచే పుట్టింది. ప్రయోజనాన్ని మరచి అందాన్ని మాత్రమే చూస్తామనడం వేరును మరచి పువ్వును చూస్తామనడం వంటిది. చూడవచ్చు, కాని తెలుసుకున్నామనకూడదు.

అయితే సేకర్తలందరూ అజ్ఞానులనీ, హింసాప్రియులనీ అనుకోవడం పొరపాటు. వాళ్లను ఆకర్షించేదేమిటో సానుభూతితో పరిశీలిస్తే, నాకు మరొకటి కనిపించింది. ఈ చర్చలో అసలు కీలకం అదే.

ఎల్మర్ కీత్ అనే పశువుల కాపరి, వేటగాడు, అమెరికా పడమటి రాష్ట్రాల్లో వుండేవాడు. కంపెనీ అచ్చుపోసిన రివాల్వరు అతనికి నచ్చలేదు. పిడి ఎలా వుండాలి, గురిచూసే ముక్కలు ఎలా వుండాలి, సిలిండరును పట్టివుంచే ఇరుసును ఎలా బిగించాలి అని హెరాల్డ్ క్రాఫ్ట్ వంటి మిత్రులతో చర్చించి, రెండు రకాల కోల్ట్ పిడుల భాగాలను కలిపి, నేర్పరులైన పలువురు పనివాళ్ల చేత 1920ల చివర ఒక రివాల్వరు చేయించుకున్నాడు. ‘నంబరు 5’ అని దానికి పేరు. 1929లో దాన్ని గురించి అతను రాసిన వ్యాసాన్ని సేకర్తలు ఇప్పటికీ చదువుకుంటారు. అది 2015లో వేలంలో 80 వేల డాలర్లకు పైగా పలికింది.

ఈ కథలో మనసును పట్టేది తుపాకి కాదు. వాడేవాడూ చేసేవాడూ ఎదురెదురుగా కూర్చుని, ఒక పనిముట్టు ఎలా వుండాలో మాట్లాడుకోవడం. మన పల్లెల్లో కమ్మరి కొలిమి దగ్గర జరిగింది ఇదే. ఎడమచేతి వాటం మనిషికి కొడవలి పళ్లు వేరుగా తీసేవాడు కమ్మరి. ఎద్దుల ఎత్తునూ, దున్నేవాడి ఒడ్డూ పొడుగునూ చూసి వడ్రంగి నాగలి అమర్చేవాడు. ఆ సంబంధంలో కులవ్యవస్థ క్రౌర్యం వుంది. దాన్ని కీర్తించే ఉద్దేశం నాకు లేదు. కాని పని చేసేవాడికి తాను చేసినదాన్ని వాడే మనిషి ముఖం తెలుసు. పెట్టుబడిదారీ ఉత్పత్తి ఆ ముఖాన్ని చెరిపివేసింది. విచిత్రమేమంటే, ఆ చెరిపివేతకు తొలి నమూనాల్లో కోల్ట్ కర్మాగారమే ఒకటి. 1855లో హార్ట్‌ఫర్డ్‌లో కట్టిన ఆ కర్మాగారం, యంత్రాలతో ఒకే తీరుగా భాగాలను కోసే పద్ధతికి ప్రపంచానికే పాఠశాల అయింది. ఏ యంత్రం వల్ల పనివాడి చెయ్యి మాయమైందో, ఆ యంత్రం చేసిన సరుకునే తీసుకొని, దాన్ని మళ్లీ చేతిపనిగా మార్చుకోవాలని కీత్ ఆరాటపడ్డాడు. పరాయీకరణను గురించి మార్క్స్ యువకుడుగా రాసినదానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

కనుక సేకర్త ప్రేమలో ఒక నిజమైన దాహం వుంది. శ్రద్ధగా, ఒక మనిషి కోసం ఒక మనిషి చేసిన పని కోసం దాహం. విషాదమేమంటే, అతనికి ఆ నీరు దొరికేది తుపాకి గొట్టంలోనే. కుర్చీ, చెప్పులు, సుత్తి, కుట్టుమిషను అన్నీ ఎవరికీ చెందని సరుకులైపోగా, చేతిపని మెరుగు విలాస వస్తువుల్లోకీ ఆయుధాల్లోకీ వెళ్లి తలదాచుకుంది.

మరి సేకరణ ఆ శ్రమను గౌరవిస్తున్నదా? మార్కెట్టును చూస్తే తెలుస్తుంది. సేకర్తలు ఎక్కువ వెల పెట్టేది రెండు రకాల రివాల్వర్లకు. మొదటిది, ఎన్నడూ పేలనిది, పూత చెదరనిది. రెండోది, ప్రసిద్ధుణ్ణి చంపినది. 1881లో షెరీఫు పాట్ గారెట్ బిల్లీ ది కిడ్ అనే యువకుణ్ణి కాల్చి చంపిన కోల్ట్ రివాల్వరు 2021 ఆగస్టులో వేలంలో 60 లక్షల డాలర్లు దాటింది. దాని మీద నగిషీ లేదు, బంగారం లేదు. సాహిత్య విద్యార్థులకు మరొక ఉదాహరణ: 1873లో బ్రస్సెల్స్‌లో కవి వెర్లేన్ మరో కవి రింబో చేతిని గాయపరచిన చవక రివాల్వరు 2016లో పారిస్‌లో 4,34,500 యూరోలు పలికింది. ఒక కవి తూటా మరొక కవికి తగిలితే, ఇనుముకు అంత వెల! ఇటు చూస్తే ఉపయోగమే లేని తుపాకి, అటు చూస్తే చంపడమే వెలగా మారిన తుపాకి. నగిషీ కొంత వెల పెంచుతుంది, నిజమే. కాని చేతిపని విలువ చావు విలువకు దరిదాపులకు కూడా రాలేదు. కీత్ రివాల్వరుకూ గారెట్ రివాల్వరుకూ మధ్య తేడా డెబ్బై రెట్లకు పైమాటే.

ఆ వేలం జరిగిన 2021లోనే అమెరికాలో తుపాకి గాయాలతో చనిపోయినవాళ్లు 48,830 మంది. వాళ్లలో సగానికి పైగా ఆత్మహత్య చేసుకున్నవాళ్లు. పాత నగిషీ రివాల్వర్లు ఈ చావులకు కారణం కావని సేకర్తలంటారు. అది చాలావరకు నిజమే, ఒప్పుకుందాం. కాని ఈ మరణాలను చంపిన తుపాకులకు వేలం లేదు, వెల లేదు. ప్రసిద్ధుడి చావు సరుకవుతుంది, సామాన్యుడి చావు అంకె అవుతుంది. అలాగే 1986 జనవరిలో హార్ట్‌ఫర్డ్ కోల్ట్ కార్మికులు సమ్మె చేశారు. నాలుగేళ్లు పోరాడారు. కార్మికులకు కూడా భాగమున్న కొత్త యాజమాన్యం 1990లో వచ్చేదాకా ఆ సమ్మె సాగింది. గొట్టం మీది ప్రతి గీతనూ ప్రేమించేవాడు ఆ గొట్టం చేసినవాడి ఆకలిని తెలుసుకోకపోతే, ఆ ప్రేమను ఏమనాలి?

ఇంతవరకూ చదివి మన పాఠకులు సంతృప్తి పడతారేమోనని నాకు భయం. అది అమెరికా పెట్టుబడిదారీ జాడ్యమనీ, మనం శుద్ధులమనీ అనుకోవచ్చు. కాదు. మనకూ పూజించే ఆయుధాలున్నాయి. 1931 ఫిబ్రవరి 27న చంద్రశేఖర్ ఆజాద్ చేతిలో వున్న పిస్తోలు అలహాబాదు మ్యూజియంలో వుంది. అదీ కోల్ట్ కంపెనీదే. 1878 ఆయుధాల చట్టం భారతీయుడి చేతిలో ఆయుధాన్ని నిషేధించి తెల్లవాడికి మినహాయింపు ఇచ్చింది గనుక, 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల నుంచి అల్లూరి సీతారామరాజు దళం తెచ్చుకున్న తుపాకులు మనకు వట్టి ఇనుము కావు. ఈ గౌరవం న్యాయమైనదే. కాని మన్యం గిరిజనుల చేత కూలి ఇవ్వకుండా రోడ్లు వేయించిన సంగతి, అడవి మీద హక్కు పోయిన సంగతి చెప్పకుండా తుపాకిని మాత్రమే గోడకు తగిలిస్తే, పోస్టరుకెక్కిస్తే, మనం చేస్తున్నదీ సేకర్త చేసే పనే. ఉద్యమం పోయి ఆయుధం మిగిలినచోట, భక్తి మిగులుతుంది గాని చైతన్యం మిగలదు.

కనుక నా నిర్ణయం ఇది. ఆయుధంలో అందం వుందని ఒప్పుకోవడం తప్పు కాదు. శ్రమను గౌరవించడమంటే అది ఒప్పుకోవడమే. కాని దాన్ని ఆస్వాదించే హక్కు మూడు ప్రశ్నలకు సమాధానం వెదికినవాడికే వుంటుంది: చేసినవాడెవడు? చేయించినవాడెవడు? గురి అయినవాడెవడు? ఈ మూడింటినీ ఒకేసారి చూపగల స్థలం మ్యూజియం కాగలదు, అదీ దాన్ని మనం సరిగా కోరితే. ఇనప్పెట్టె కాలేదు. ఒక్కడి సొత్తైన వస్తువు మాట్లాడేది యజమాని మాటే.

చివరిగా, ఆ దాహం మాటేమిటి? ఒక మనిషి కొలతకు ఒక మనిషి శ్రద్ధగా చేసిన పని తుపాకిలోనే దొరకాలని శాసనమేమీ లేదు. 1968లో జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే చేతిపనివాడూ, డాక్టర్ పి. కె. సేథీ కలిసి రబ్బరుతో, కొయ్యతో ఒక కృత్రిమ పాదం రూపొందించారు. దానితో మన మనిషి నేలమీద గొంతుక్కూర్చోగలడు, మడిలో దిగగలడు, చెట్టెక్కగలడు. అఫ్గానిస్తాన్‌లో, కంబోడియాలో మందుపాతరలకు కాళ్లు పోయినవాళ్లు దానితో నడిచారు. 1981లో మెగసెసే బహుమతి వచ్చింది డాక్టరుకే. కొలత తీసి మలచిన పనివాడి పేరు ఈనాటికీ కొద్దిమందికే తెలుసు. ప్రతి కాలుకూ వేరే కొలత, ప్రతి మనిషికీ వేరే అమరిక. దసరానాడు మనవాళ్లు సుత్తినీ, కొడవలినీ, కత్తినీ ఒకే వరసలో పెట్టి ఆయుధపూజ చేస్తారు. ఆ వరసలో దేనికి ముందు బొట్టు పెట్టాలో నిర్ణయించుకోవలసింది మనమే.