పరిత్యాగ పత్రిక ఎవరి కొరకు?



మారుమనువు చేసికొనగోరి వచ్చినవారిని, "మొదటి పెండ్లి రద్దయినట్లు కోర్టు కాగితమేది?" అని అడుగుట కాపరికి తగునా? క్షమించుటకు పిలువబడిన సంఘము కాగితములు పరిశీలింపనేల? ఈ ప్రశ్న మన గ్రామ సంఘములలో తరచు వచ్చుచున్నది. దీనికి జవాబును నేను వేదశాస్త్ర పాఠశాలలో కాదు, నా తప్పిదము వలన నేర్చుకొంటిని.

నా పరిచర్య తొలి యేండ్లలో ఒక యువకుడు స్టాంపు కాగితము తెచ్చెను. పెద్దలు తగువు తీర్చి, ఆలుమగలచే వేలిముద్రలు వేయించి, తెగతెంపులైనవని వ్రాసిన కాగితమది. ఊరంతయు అవునన్నది. నేనును నమ్మి, గుడిలో ప్రకటన చదివి, పెండ్లి చేసితిని. రెండేండ్లకు మొదటి భార్య బిడ్డ నెత్తుకొని గుడి వాకిట నిలిచెను. "ఆ కాయితంలో ఏటి రాసినారో నాకెవులూ సదివి సెప్పలేదు బాబూ" అనెను. చట్టము యెదుట ఆమెయే భార్య. నేను పెండ్లి చేసిన రెండవ యామెకు ఆ హక్కు లేకపోయెను. ఇద్దరు స్త్రీల కన్నీళ్లకు నా సంతకము కారణమాయెను.

పెద్దలు గాని, పాదిరి గాని, సంఘ సభ గాని క్రైస్తవ వివాహమును చట్టరీత్యా రద్దు చేయజాలరు. సంఘ న్యాయసభ యిచ్చిన తీర్పు వివాహమును చట్టము దృష్టిలో తెంపదని సుప్రీంకోర్టు 1996లో స్పష్టముగా చెప్పినది. 1869 నాటి విడాకుల చట్టము ప్రకారము ఆ అధికారము కోర్టుదే. మొదటి వివాహము నిలిచియుండగా మరల పెండ్లాడినవారికి 7 సంవత్సరముల వరకు జైలుశిక్ష పడవచ్చును.

మన తల్లులు కోర్టు గడప యేల తొక్కలేదో కూడ తలంపవలెను. 2001 వరకు ఆ చట్టములో పురుషుడు భార్య వ్యభిచారము ఒక్కటి రుజువు చేసిన చాలును. స్త్రీ అయితే సాధారణముగా భర్త వ్యభిచారముతో బాటు క్రూరత్వమో, రెండేండ్లు విడిచిపెట్టుటయో, అట్టి మరియొక దోషమును గూడ చూపవలసి యుండెను. 2001 నాటి సవరణ ఈ భేదమును తీసివేసి, ఉభయుల సమ్మతితో విడిపోవు మార్గమును గూడ తెరచినది. తలుపు అంతకాలము మూసియున్నందున కాగితము లేక మిగిలిన స్త్రీలను మనము నిందింపరాదు.

లేఖనమేమి చెప్పుచున్నది? ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో, భార్యను విడిచిపెట్టువాడు పరిత్యాగ పత్రిక వ్రాయించి ఎవరికిచ్చును? పెద్దల పెట్టెలో పెట్టడు, ఆమె చేతికిచ్చును. నోటిమాటతో గెంటివేయబడిన స్త్రీ, తాను ఎవరి భార్యయో తెలియక, ఏ ఊరనైనను అనుమానముతో చూడబడును. ఆ పత్రిక ఆమెకు కంచె. మోషే అట్టి అనుమతి నిచ్చుట మనుష్యుల హృదయ కాఠిన్యమును బట్టియేనని మన ప్రభువు మార్కు సువార్త 10వ అధ్యాయములో చెప్పెను. కనుక ఆ పత్రిక విడాకులకు ఆశీర్వాదము కాదు. కఠిన హృదయుల నడుమ బలహీనులకు రక్షణ. ప్రవక్తయైన యిర్మీయా పొలము కొని, ఆ క్రయపత్రమును సాక్షుల యెదుట ముద్రించి, బహుదినములుండునట్లు మంటికుండలో దాచించెను. పొలము కాగితము విషయములో దైవజనుడు అంత జాగ్రత్తపడగా, స్త్రీ బ్రదుకు విషయములో మనము "విన్నాము" అను మాటతో సరిపెట్టుకొందమా?

మొన్న కోతల కాలములో బొబ్బిలి వైపునుండి ఒక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చెను. అల్లుడు విడాకులకు దావా వేసి యేండ్లాయెను. ఇప్పుడు మంచి సంబంధము కుదిరినది. కాగితము సంగతి యెత్తగా ఆ తల్లి, "కోర్టులో తీరిపోనాదని ఆలే సెప్పినారు బాబూ, కాయితం మాత్రం మాకెవులూ ఇవ్వనేదు. మళ్లీ నా పిల్లని బజారుకీడుస్తారా?" అని యేడ్చెను. నా పాత తప్పిదము జ్ఞప్తికి వచ్చి, వారితో నేనే విజయనగరము బయలుదేరితిని.

అట్టి పని పడినవారికి కొన్ని సంగతులు చెప్పుదును. దావా సాధారణముగా పెండ్లి జరిగిన చోటి జిల్లా కోర్టులో గాని, ఆలుమగలు కాపురమున్న చోటి లేక కడపట కలిసి యున్న చోటి కోర్టులో గాని యుండును. ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట అందులో నుండును. ఇద్దరి పేర్లు, దావా నంబరు, సంవత్సరము తెలిసిన వెదకుట సులువు. నంబరు తెలియనిచో పాత నోటీసును, అప్పటి వకీలును వెదకుడి. మన జిల్లాల సరిహద్దులు మారినవని మరువకుడి. 1950లో శ్రీకాకుళము, 1979లో విజయనగరము, 2022లో పార్వతీపురము మన్యము జిల్లాలు ఏర్పడినవి. బొబ్బిలి, సాలూరు 1979కి ముందు శ్రీకాకుళము జిల్లాలోనివి. పాత దావా ఒకచోట దొరకకున్న, లేనేలేదనుకొనక నాటి జిల్లా కోర్టులో గూడ అడుగుడి. నకలుకు అర్జీ పెట్టి రుసుము చెల్లించిన, కోర్టు ముద్రగల నకలు ఇత్తురు. అందులో డిక్రీ యున్నదా, దాని తేదీ యేది, అప్పీలు గడువు దాటినదా అని చూడుడి. 2001కి ముందటి జిల్లా కోర్టు డిక్రీ అయితే, దానిని హైకోర్టు ధ్రువపరచినదా అనియు చూడవలెను. అప్పుడు అది లేనిదే డిక్రీ పూర్తి కాదు.

మాకు నకలు దొరికెను. అందులో విడాకులు లేవు! దావా వేసినవాడు వాయిదాలకు రానందున కోర్టు దావాను కొట్టివేసినది. ఇన్నేండ్లు ఊరంతయు నమ్మిన మాట అబద్ధము. ఆ చిన్నది చెట్టు క్రింద కూర్చుండి చాలసేపు మాటలాడలేదు. నేను ఊరి మాట నమ్మి పెండ్లి చేసియుండినయెడల, నా వాకిటికి వచ్చిన ఆ మొదటి స్త్రీకివలెనే ఈమెకును అన్యాయము చేసియుందును. ఇప్పుడు ఆమె తానే న్యాయముగా దరఖాస్తు పెట్టుకొనినది. వరుడు వేచియుందునని చెప్పెను.

విశ్వాసులు న్యాయస్థానమునకు పోరాదని పౌలు కొరింథీయులకు వ్రాయలేదా అని మీరడుగవచ్చును. ఆయన గద్దించినది సహోదరుల మధ్య జగడమును. సత్యమును తెలిసికొనుటకు నకలు అడుగుట జగడము కాదు. ఆ పౌలే తనకు న్యాయము కావలసినప్పుడు కైసరు యెదుట చెప్పుకొందుననెను.

అయితే కాగితము చేయలేనిది గూడ కలదు. కోర్టు వివాహమును రద్దుచేయును గాని, దేవుని యెదుట దోషమెవరిదో తేల్చదు, గాయమును మాన్పదు. విడువబడినవారి మారుమనువు విషయములో సంఘములన్నిటి కట్టడ ఒక్కటి కాదు. కాపరి తన సంఘ క్రమమును, మనస్సాక్షిని అనుసరింపవలెను. అయినను కాగితము అడిగి చూచిన సంఘమునకు మరియొక బాధ్యత కలదు. చూచిన దానిని నూతి యొద్ద, రచ్చబండ యొద్ద విప్పరాదు. సమరయ స్త్రీ గతమంతయు ఎరిగిన ప్రభువు ఆమెకు సత్యము చెప్పెను. కాని ఊరిలో చాటలేదు, ఆమె యొద్ద త్రాగుటకు నీళ్లడిగెను.

కాబట్టి సంఘ పెద్దలారా, కాగితము అడుగుటకు సిగ్గుపడకుడి. అడిగి ఊరకుండక, చార్జీలకు డబ్బు లేని ఆడుబిడ్డకు చందా వేసి, తోడుగా వెళ్లుడి. మీ యింటనే అట్టి బిడ్డ యున్నయెడల, నేడే ఆమె దావా సంగతి విచారించుడి. సత్యమును ప్రేమతో కూడ పట్టుకొను కృప ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.