చీలమండ లోతు నుండి ఈదు లోతు వరకు

ధ్యాన భాగము: యెహెజ్కేలు 47:3–6

వేసవి సెలవుల ముందు మా యొద్దకు ప్రార్థన కొరకు వచ్చు తల్లిదండ్రులు సాధారణముగా పరీక్షలను గూర్చియో పై చదువులను గూర్చియో మనవి చేయుదురు. మొన్న ఆరాధన ముగిసిన పిమ్మట జలదంకి తల్లి యొకతె ఆరేండ్ల కుమారుని చేయి పట్టుకొని వచ్చి వేరొక మనవి చేసెను. “అయ్యగారూ, సెలవుల్లో పిలకాయకు ఈత నేర్పిద్దామని వాళ్ల నాయన అంటున్నాడు. వీడికి నీళ్లంటే భయం. వీడికన్నా నాకు ఎక్కువ భయం. ప్రార్థన చేయండి” అనెను.

మేము ప్రార్థించితిమి. అయినను ఆమె మాట మమ్మును విడువలేదు. మా బాల్యమందు ఆదివారపు బడిలో మా ప్రక్కన కూర్చుండిన బాలుడొకడు ఒక వేసవిలో చెరువులో మట్టి తీసిన గుంతలోనికి జారి మరల రాలేదు. కంఠత వాక్యములలో వాడు మా అందరికంటె ముందుండెడివాడు. ఈత మాత్రము వానికి ఎవరును నేర్పలేదు. సమాధి యొద్ద పెద్దలు “దేవుని చిత్తము” అనిరి. ఆ తల్లిని ఓదార్చుటకే ఆ మాట చెప్పిరి, సందేహము లేదు. కాని ప్రియులారా, ఇన్నేండ్ల తరువాత ఆ మాటను అంత సుళువుగా పలుకుటకు మాకు నోరు రాదు. మనము నేర్పవలసినది నేర్పక, కావలి యుండవలసినచోట ఉండక, జరిగిన దానిని దేవుని మీద మోపుట న్యాయమా?

మన ప్రాంతము మెట్ట ప్రాంతమని పేరు. ఉదయగిరి మొదలు ఆత్మకూరు వరకు వాన కొరకు ఆకాశము వైపు చూచు పొలములే ఎక్కువ. అయినను జలదంకి పేరులోనే జలమున్నది. ఐప్పసి వానలకు చెరువులు నిండి కలుజులు పారును. సోమశిల నుండి కావలి కాలువ వచ్చుచున్నది. వీటికి తోడు దిగుడు బావులు, పొలములలో త్రవ్విన పంట కుంటలు. నీరు లేనప్పుడు నీటి కొరకు ప్రార్థించు మనము, నీరు వచ్చినప్పుడు మన పిల్లలను దానికి సిద్ధపరచుచున్నామా?

ఇది మన ఊరి చింత మాత్రమే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021లో లోకమంతట సుమారు 3,00,000 మంది నీట మునిగి చనిపోయిరి. వారిలో దాదాపు నాలుగవ వంతు ఐదేండ్ల లోపు పసివారు. ఆ 2021లోనే ఐక్యరాజ్య సమితి జూలై 25వ తేదీని ఈ మరణములను నివారించుటకై ఒక దినముగా ఏర్పరచెను. ఆరేండ్లు దాటిన బడి పిల్లలకు ఈతయు నీటి జాగ్రత్తలును నేర్పవలెనని ఆ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. బంగ్లాదేశములో పల్లె చెరువులలోనే వెదురు వేదికలు కట్టి పిల్లలకు ఈత నేర్పుచున్నారు. యూదుల తల్ముదు గ్రంథములో, తండ్రి కుమారునికి చేయవలసిన వాటిని లెక్కించుచు, ధర్మశాస్త్రమును, ఒక చేతిపనిని నేర్పుటతో పాటు ఈత నేర్పుటను కూడ కొందరు బోధకులు చేర్చిరి. బిడ్డ ప్రాణము దానిపై ఆధారపడవచ్చునని వారి తలంపు.

మరి ఎట్లు నేర్పవలెను? మన ధ్యాన భాగమును చూడుడి. మందిరపు గడప క్రింద నుండి పారుచున్న నీటిలో ప్రవక్తను ఒకడు నడిపించెను. కొలనూలు పట్టుకొని వెయ్యేసి మూరలు కొలుచుచు, మొదట చీలమండల లోతున, పిమ్మట మోకాళ్ల లోతున, ఆ పిమ్మట మొల లోతున నడిపించెను. నాలుగవ కొలతకు అది దాటలేని నదియై ఈదవలసినంత లోతాయెను. ఈ దర్శనమునకు ఆత్మీయార్థములు అనేకము కలవు. ఈ దినమున నడిపించిన వాని రీతిని మాత్రము గమనింతము. అతడు ప్రవక్తను ఒక్కసారిగా లోతులోనికి త్రోయలేదు. కొలిచిన తరువాతనే నడిపించెను.

చీలమండల లోతు ఇంటిలోనే ప్రారంభమగును. స్నానమప్పుడు చెంబుతో తలమీద మెల్లగా నీళ్లు పోయుడి. మూతి నీటిలో ఆనించి బుడగలు ఊదనియ్యుడి. అది వానికి ఆటగా నుండును, ఊపిరిని అదుపులో నుంచుకొనుట కూడ అలవడును. ప్రక్కన మాత్రము మీరుండవలెను. పసిబిడ్డకు బక్కెట్టెడు నీరును ప్రమాదమే. అల్లరి చేసినప్పుడు “చెరువులో పడవేస్తాను” అని బెదరించు అలవాటు మనలో కొందరికి కలదు. అట్లు బెదరించిన బిడ్డ నీటిని నమ్మడు, మనలను కూడ నమ్మడు.

మోకాళ్ల లోతు నేర్పు చోటికి తీసికొనిపోవుట. ఎక్కడికి పోవుచున్నాడో, ఎవరు నేర్పుదురో, ఎప్పుడు ఇంటికి వచ్చునో ముందుగా నిజము చెప్పుడి. మొదటి దినమున లోతు లేని చోట ఆడుకొని వచ్చినను చాలును. మొల లోతున వెల్లకిల తేలుట నేర్పుదురు. నేర్పువారి చేయి వీపు క్రింద నుండును. బిడ్డ ధైర్యము పెరిగినకొలది ఆ చేయి తేలికయగును. ఒకనాడు చేయి తీసినను వాడు తేలుచుండును. అప్పుడే ఈదు లోతు.

మా తరమువారిలో కొందరికి పెద్దలు నడుమునకు త్రాడు కట్టి, వీపున ఎండు సొరకాయ కట్టి ఓపికగా నేర్పిరి. మరికొందరిని గట్టు మీది నుండి బావిలోనికి త్రోసి నవ్విరి. ఆ త్రోయబడిన వారిలో మేమును ఉంటిమి. ఈత వచ్చినది నిజమే. త్రోసిన చేతి మీద నమ్మకము మాత్రము చాలకాలము రాలేదు. మునిగిపోవుచున్న పేతురు కేక వేయగా, ప్రభువు మొదట చేయి చాచి పట్టుకొనెను, అటుతరువాతనే అతని అల్పవిశ్వాసమును గూర్చి అడిగెను (మత్తయి 14:31). ఆ వరుసను మనము తారుమారు చేయకుందుము గాక. భయపడిన బిడ్డను ముందు పట్టుకొనవలెను. బుద్ధి చెప్పుట తరువాత.

మన సంఘ చరిత్రయందును ఇట్టి ఓపిక కలదు. 1876–78 నాటి గొప్ప కరవులో అనేకులు బాప్తిస్మము కోరగా, ఒంగోలు మిషనరీ క్లౌ దొర, ఆకలి చేత వచ్చువారెవరో విశ్వాసము చేత వచ్చువారెవరో తెలియువరకు తొందరపడక వేచియుండెను. 1878 జూలై 3న వెలంపల్లె యొద్ద గుండ్లకమ్మ నీటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అంత గొప్ప దినమునకును ముందు సిద్ధపాటు ఉండెను.

ఈత వచ్చినంత మాత్రమున బిడ్డను విడిచిపెట్టరాదు. మోషే తల్లి జమ్ము పెట్టెకు జిగటమన్నును కీలును పూసి ఏటి యొడ్డున ఉంచినది. ఆమె విశ్వాసమునకు హెబ్రీ పత్రికలో సాక్ష్యము కలదు. అయినను ఏమి జరుగునో చూచుటకు బిడ్డ అక్క దూరమున నిలిచి కనిపెట్టుచుండెను. గట్టు మీద ఒక అక్కయో అన్నయో పెద్దవారో లేనిదే పిల్లలు నీటిలో దిగరాదు. మట్టి తీసిన గుంతలు, సిమెంటు కాలువ గోడలు, పారుచున్న కలుజు ఈతగాండ్రకు సహితము ప్రమాదకరములు. ఎవరైన మునుగుచున్నచో దూకుటకు ముందు త్రాడో పంచెయో కర్రయో అందింపవలెను. బయటికి తీసిన బిడ్డను తలక్రిందులుగా త్రిప్పుట వలన మేలు లేదు. ఊపిరి లేనియెడల నోటితో ఊపిరి ఊదుచు ఛాతీని నొక్కుచు, ప్రక్కవారి చేత 108కి కబురు చేయింపవలెను.

“అయ్యగారూ, ప్రార్థన చాలదా?” అని ఎవరైన అడుగవచ్చును. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము చదువుడి. ఓడలో 276 మంది ఉండిరి. ఒక్కరి ప్రాణమునకును హాని కలుగదని దేవుడు పౌలుకు ముందే మాట ఇచ్చెను. అయినను ఓడ బద్దలగునప్పుడు శతాధిపతి, ఈత వచ్చినవారు ముందుగా దూకవలెననియు, మిగిలినవారు పలకల మీదను ఓడ చెక్కల మీదను రావలెననియు ఆజ్ఞాపించెను. అందరును దరి చేరిరి. దేవుని వాగ్దానము ఈతను వ్యర్థము చేయలేదు. ఈత ద్వారాను పలకల ద్వారాను ఆ వాగ్దానము నెరవేరెను.

కనుక ఆ తల్లితో మరుసటి ఆదివారము మేమిట్లు చెప్పితిమి: “అమ్మా, పంపించు. మొదటి దినము నీవును వెంట పొమ్ము. నీ భయము వానికి కనబడనియ్యకుము. నీ కన్ను మాత్రము వాని మీద నుండి తీయకుము.” బాలుడు మా వైపు చూచి, “మళ్లీ గట్టుకి తీసుకొస్తారు గదా?” అని అడిగెను. మాకు ధ్యాన భాగము చివరి మాట జ్ఞాపకమునకు వచ్చెను. ఈదు లోతు వరకు నడిపించినవాడు ప్రవక్తను అక్కడనే విడువక, మరల నది యొడ్డునకు తోడుకొని వచ్చెను. “తీసుకొస్తారు నాయనా” అని వానికి చెప్పితిమి.

ప్రార్థన: లోతులను కొలిచి యెరిగిన తండ్రీ, మా పిల్లలకు నేర్పుటకు ఓపికను, వారిని కాయుటకు మెలకువగల కన్నులను మాకు దయచేయుము. మా నిర్లక్ష్యమును నీ చిత్తమని పిలిచిన పాపమును క్షమించుము. ఆమేన్‌.