చద్దరుకు రెండో వైపు

సోలాపూర్ తూర్పు పేటల్లో నడుస్తుంటే ముందు సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు వినిపిస్తుంది, ఆ వెంటనే తెలుగు. మరాఠీ బోర్డుల కింద, గడపల్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్ళ మాటల్లో తెలంగాణ యాస ఇంకా చెరగలేదు. వీళ్ళలో చాలామంది పూర్వీకులు పద్మశాలీలు. సొంతూళ్ళో మగ్గం కడుపు నింపక నిజాం రాజ్యం దాటి వచ్చారు. 1877లో మొదలైన పాతమిల్లు, ఆ తర్వాతి మిల్లులు, ఇంటింటి మగ్గాలు వాళ్ళకు అన్నం పెట్టాయి.

నేను వెళ్ళింది రంగుల కోసం. ఊరి రంగులు ఊరి మట్టిలోంచే పుడతాయని నేతను ప్రేమించేవాళ్ళు తరచుగా అంటుంటారు. సోలాపూర్ చద్దరు ముందు ఆ మాట నిలవదు. అది రెండు పొరలు కలిపి నేసిన నూలు దుప్పటి. ఒకవైపు ఎర్రటి నేల మీద పచ్చటి పువ్వు, తిరగేస్తే పచ్చటి నేల మీద ఎర్రటి పువ్వు. దేన్నీ తప్పువైపు అనలేం! ఏ పోగు ఎప్పుడు లేవాలో చిల్లులు పొడిచిన అట్టలు చెబుతాయి. ఆ పద్ధతికి 1804 ప్రాంతంలో రూపమిచ్చిన జకార్డ్ ఫ్రాన్సులోని లియాన్ వాడు. రంగు రసాయనాల కార్ఖానాది. చెయ్యి తెలుగువాడిది. పేరు మాత్రం సోలాపూర్‌ది. 2005-06లో భౌగోళిక గుర్తింపు వచ్చిందీ ఆ పేరుకే.

తూర్పు దీవుల్లో ఓడలో తిరుగుతూ స్థానిక వస్త్రాలు వెతికేవాళ్ళకూ ఇలాగే, అక్కడిదనుకున్న గుడ్డ వేరే చోటి నుంచి వచ్చిందని తెలుస్తుంది. 1606 నాటికే డచ్చివాళ్ళు మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో మన బట్టలు కొనేవారు. వాటినిచ్చి ఆ దీవుల నుంచి లవంగాలు, జాజికాయలు తెచ్చుకునేవారు. అక్కడివాళ్ళు ఏ రంగు, ఏ అంచు ఇష్టపడతారో ఇక్కడ చెప్పి మరీ చేయించేవారు. సులవేసి దీవిలోని తొరాజా కుటుంబాలు భారతదేశపు అద్దకపు గుడ్డల్ని తాతముత్తాతల సొత్తుగా దాచుకున్నాయి, కర్మకాండల్లో పరిచాయి. ఆ గుడ్డ వాళ్ళది కాదనడానికి మనకు నోరెలా వస్తుంది?

కొన్న కన్ను, నేసిన చెయ్యి ఏళ్ళ తరబడి ఒకదాన్నొకటి దిద్దుకుంటూ పోతే ఒక రంగు ఒక చోటుకు సొంతమవుతుందని నాకు తోస్తుంది. ఆ రెంటిలో ఏది తప్పుకున్నా మిగిలేది పేరే. అందుకే వేరేచోట చవకగా తయారైన దుప్పట్లు సోలాపూర్ పేరుతో అమ్ముడుపోతుంటే నాకు బాధ. సాంచా దగ్గర నిలబడి నేసేవాడికి వచ్చేది మాత్రం నేసిన ముక్కల లెక్కన కూలి.

మీరు సోలాపూర్ వెళితే స్టేషన్ దగ్గరి దుకాణంలోనే ఆగిపోకండి. తూర్పు పేటలకు వెళ్ళండి. సాంచా ఆగిన క్షణం చూసి తెలుగులో పలకరించండి. ఈ రంగు ఎవరు కోరారో, ఈ చద్దరుకు కూలి ఎంత గిట్టిందో అడగండి. ఆ తర్వాతే కొనండి.