సుత్తిని చేసిన సుత్తి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతపు పల్లెలలో కమ్మరి కొలిమి ఒకనాడు రైతు కాపురమునకు రెండవ పొయ్యి వంటిది. కర్రు అరిగినను, కొడవలికి కక్కు పోయినను అక్కడికే పోవలయును. పనిపనికి రొక్కమడుగక, కళ్లమునాడు గింజలు కొలిపించుకొనుట ఆనాటి ఏర్పాటు. ట్రాక్టర్లు వచ్చి నాగళ్లు మూలబడిన పిదప పెక్కు కొలుములు చల్లారినవి. నేడు లోకమున పలుచోట్ల కులవృత్తి కానివారును ఇంటి వెనుక కొలిమి పెట్టి, తమ సుత్తిని తామే సాగగొట్టుకొనుచున్నారు. మంచిదే. అట్టివాడొకడు "దీనిని నేనే చేసికొంటిని, ఎవరికిని ఋణపడలేదు" అనినచో ఆ మాట నిలుచునా?

పని యెట్టిదో చూడవలెను. లారీ ఇరుసు ముక్కను ఎఱ్ఱగా కాల్చి, దాగలిపై నిలిపి, పిడికి బెజ్జము పొడువవలెను. బెజ్జము రెండు అంచుల వెడల్పుగను నడుమ ఇఱుకుగను ఉండిననే పిడి బిగియును. అయస్కాంతము అంటనంత వేడి వచ్చువఱకు కాల్చి, మొగమును ముంచి చల్లార్చిన గట్టిపడును. అంతటితో విడిచినచో పెళుసై, పెచ్చు లేచి కంటిలో పడవచ్చును. కావున మెఱుగుపెట్టి మరల మెల్లగా కాచి, లేత గడ్డిరంగు తేలగనే ఆపవలెను. అదియే పదను. బెజ్జము చుట్టు మాత్రము మెత్తగా ఉంచవలెను; లేనిచో అచ్చటనే పగులును. ఎన్ని సుత్తులు పగిలిన మీదట, ఎందఱి వ్రేళ్లు నలిగిన మీదట ఇవి తెలిసినవో!

పైగా సుత్తి చేయుటకు సుత్తి కావలయును, దానికి మఱొకటి. హాలండు తత్త్వవేత్త స్పినోజా, 1677లో మరణానంతరము అచ్చైన గ్రంథమొకదానిలో ఈ చిక్కునే ఎత్తి, మానవులు మొదట ప్రకృతి ఇచ్చిన సాధనములతో సులువైనవానిని కష్టపడి చేసి, వానితో మేలైనవానిని చేసిరని విడదీసెను. ఆయన కటకములు సానపట్టినవాడు. చేతిపని ఎఱిగిన మాట అది. ఆయన దీనిని బుద్ధిబలమునకు ఉపమానముగా చెప్పెను. అందు ఋణము కూడ కనబడుచున్నది.

"ఇనుమునకు, బొగ్గునకు వెల ఇచ్చితినిగదా" అని వాదింపవచ్చును. వెలతో సరకు బాకీ తీరును. పదను కనుగొన్నవాని బాకీ తీరదు. 12వ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరునితో కూడిన శరణులలో పడవ నడపిన అంబిగర చౌడయ్య, తాళ్లు పేనిన నులియ చందయ్య ఉండిరి. వారు కాయకమును దాసోహమునుండి విడదీయలేదు. చేతికి వచ్చినది ముందుకు సాగవలసినదే.

కమ్మరి తన విద్యను కులము దాటనీయలేదని కొందఱి ఆక్షేపణ. నిజము కొంత కలదు. కాని ఆ గోడ ఆయన ఒక్కడు కట్టినది కాదు. ఆయన బిడ్డను వేఱొక పనికి రానీయనివారును రాళ్లు మోసిరి. కొలిమి చల్లారిన ఆ పెద్ద ఊరిలోనే ఉండగా, ఆయన పనిని వేడుకగా నేర్చుకొని ఆయనను "ఏరా" యని పిలుచుట ఏ నీతి?

క్రొత్త సుత్తిని ఆయన యింటికి తీసికొనిపోయి చూపవచ్చును. ముందుగా పిడి బిగువు చూచును. పిమ్మట మొగముపై ఆకురాయి గీచి, అది జారినదో కొఱికినదో చెప్పును.